మొదట ఏ సినిమా పెట్టాలి

సినిమా ఆపరేటర్ కోతలు ఎప్పుడూ చిన్న మాటతోనే మొదలవుతాయి. ఆ సాయంత్రమూ అంతే. "పెద్ద గొప్పేం కాదులే. అయిదు సినిమాలూ ఒకే రోజు, కథ వరసలో ఆడించాను. అంతే," అని టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

ఆ "అంతే" వినగానే టీ కొట్టు అక్క స్టవ్ మంట తగ్గించేసింది. ఇక ఇప్పట్లో ఎవరూ లేవరని ఆమెకు తెలుసు.

కొట్టు ముందు రెండు బెంచీలున్నాయి. ఒకదాని మీద ఆపరేటర్, ఆయన పక్కన గేటాయన. వీధికి అవతల ఉన్న ఫర్నిచర్ గోడౌను ఒకప్పుడు సినిమా హాలు. ఆయన పైన క్యాబిన్‌లో రీళ్లు తిప్పేవాడు, ఈయన కింద గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. హాలు మూసేసి ఏళ్లు గడిచినా ఇద్దరూ ఫస్ట్ షో వేళకు డ్యూటీకి వచ్చినట్టే వచ్చి కూర్చుంటారు. గేటాయన పెద్దగా మాట్లాడడు. ఆయన వంతు కూడా ఆపరేటరే మాట్లాడేస్తాడు.

రెండో బెంచీ మీద టైలర్ కూర్చున్నాడు. మెడలో టేపు కూడా తియ్యలేదు. ఆయన కోతలు వినడానికి రాలేదు. ఒక్క ముక్క అడిగి వెళ్లిపోదామని వచ్చాడు.

ప్రపంచం నాశనమై, సముద్రాలు ఎండిపోతే, మిగిలిన జనం ఓడలకు చక్రాలు బిగించుకుని గుక్కెడు మంచినీళ్ల కోసం కొట్టుకు చచ్చే కథతో అయిదు సినిమాలు వచ్చాయి. తీసిన వరస వేరు, కథ వరస వేరు. ముందు జరిగింది తర్వాత తీశారు, తర్వాత జరిగింది ముందే తీసేశారు. ఏది దేని తర్వాతో తెలియకుండా చూస్తే, చొక్కాకి చేతులు కుట్టి ఒళ్లు మర్చిపోయినట్టు ఉంటుంది.

టైలర్ ఇవేవీ చూడలేదు. ఆయనకు పెళ్లై ఏడాది కాలేదు. భార్యకు మొదటి పెళ్లి నాటి కూతురు ఉంది, ఎనిమిదో క్లాసు. ఆ పిల్ల ఆయనతో పోట్లాడదు, అలగదు. అడిగితే జవాబు చెబుతుంది, లేకపోతే లేదు. అలాంటిది ఈ రోజు మధ్యాహ్నం తనంత తనే షాపులోకి వచ్చి, మిషను పక్కన నిలబడి, "ఎండిన సముద్రం సినిమాలు కథ వరసలో చూడాలంట. ఏది ముందో మీకు తెలుసా?" అని అడిగింది. టైలర్ నోటి నుంచి "ఓ, తెలియకేం?" అని వచ్చేసింది. పిల్ల ఇంకేదో అనబోయి ఆగి, "అయితే రేపు సెలవేగా, ఇంట్లో మీరే పెట్టండి," అని లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచీ ఆయన కుట్టిన ప్రతి కుట్టూ వంకరగానే పడింది.

"ఆపరేటర్ గారూ, మొదట ఏది వేశారు?" అన్నాడు టైలర్.

"అక్కడికే వస్తున్నా. పొద్దున్నే మొదటి ఆట మొదలుపెట్టానా, తెర మీద ఎండ మామూలు ఎండ కాదయ్యా, ముందు వరస వాళ్లు చొక్కాలు విప్పేశారు, రెండో వరస వాళ్లు గొడుగులు తెరిచారు, వెనకాల వాళ్లు మాకు కనపడట్లేదని గొడవ, ఈలోగా క్యాంటీన్‌లో సోడాలు అయిపోయాయి, మంచినీళ్లు అయిపోయాయి, కుళాయి తిప్పితే గాలి వస్తోంది, అప్పుడు మున్సిపాలిటీ వాళ్లు పరిగెత్తుకొచ్చి, అయ్యా, మీరు ఆట ఆపితే గానీ వీధికి నీళ్లు రావు అని దండం పెట్టారు."

"ఆపారా?" అంది అక్క.

"ఆపితే కథ వరస చెడిపోదూ? ఇంకాస్త ఫోకస్ పెంచాను."

"మొదటి ఆట అంటే, అది ఏ సినిమా?" అన్నాడు టైలర్.

"చెప్తానుగా, ఉండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చక్రాల ఓడలు వచ్చాయి. ఒకటా రెండా, వరసగా వస్తున్నాయి, ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి, ఆ దుమ్ము తెర దాటి హాల్లోకి కొట్టింది. మోకాలి లోతు ఇసక! ఇదిగో, ఈయనే గంపలతో ఎత్తి బయట పోశాడు. కావాలంటే అడుగు."

గేటాయన "ఊఁ" అన్నాడు. అది అవునో కాదో ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ ఇసక మేస్త్రీ ఒకాయన తీసుకెళ్లి రెండు అంతస్తులు లేపాడు. ఈనాటికీ ఆ ఇంట్లో రాత్రిపూట గోడకు చెవి పెడితే ఇంజన్ల మోత వినపడుతుంది."

"బాబాయ్, ఆ ఇల్లు అద్దెకిస్తారా? మా ఆయన గురకకు సరిజోడు అవుతుంది," అంది అక్క.

టైలర్ నవ్వలేదు. ముందుకు జరిగి, "ఇసక ఉన్నది ముందు వస్తుందా, వెనకొస్తుందా?" అన్నాడు.

"ఏమయ్యా టైలరూ, కొలతలు తీసుకుంటున్నావా? విను మరి. ఆ కథ మొత్తం నలభై ఏళ్లు నడుస్తుంది. హీరో కుర్రాడిగా మొదలై ముసలాడు అవుతాడు. తీసిన వరసలో ఆడించినప్పుడు ఏమయ్యేదంటే, వాడు ముసలాడై, కుర్రాడై, మళ్లీ ముసలాడు అయ్యేవాడు, చూసేవాళ్ల జుట్టు తెల్లబడి, నల్లబడి, మళ్లీ తెల్లబడేది. అది కనిపెట్టింది నేనే. అందుకే కథ వరసలో వేశాను. వేస్తే ఏమైంది? జనానికి కూడా వరసగా వయసు వచ్చేసింది! పొద్దున నిక్కర్లతో వచ్చిన వాళ్లకు మూడో సినిమా ఇంటర్వెల్‌కి మీసాలు. గేటు బయట మంగలి కుర్చీ వేసుకున్నాడు. అప్పుడే పెళ్లి చూపులైన జంట ఒకటి బాల్కనీ టికెట్లు కొనుక్కుని లోపలికి వెళ్లింది, సాయంత్రం బయటికొచ్చేటప్పుడు మనవడికి ఏం పేరు పెట్టాలో అని తగువు పడుతూ వచ్చారు."

అక్క పకపక నవ్వింది. ఆ నవ్వులో ఇంకో నవ్వు కలిసింది. టైలర్ తల తిప్పి చూస్తే, బెంచీ చివర పిల్ల నిలబడి ఉంది. చేతిలో షాపు తాళంచెవి.

"అమ్మ ఇచ్చి రమ్మంది. మర్చిపోయి వచ్చారంట," అంది.

టైలర్ తాళంచెవి అందుకుని, "నువ్వు పదమ్మా, నేను వస్తాను," అన్నాడు. పిల్ల వెళ్లలేదు. "ఆ సినిమాల గురించేగా?" అని ఆయన పక్కనే కూర్చుంది. ఆపరేటర్‌కి కొత్త చెవులు దొరికాయి. కండువా సర్దుకున్నాడు.

"రామ్మా, సమయానికి వచ్చావు. ఇంతలో ఒక బట్టతల ఆయన క్యాబిన్‌లోకి ఎక్కి వచ్చి, నాయనా, నా జుట్టు మూడో సినిమాలో పోయింది, ఒక్కసారి వెనక్కి తిప్పవా అని కాళ్లావేళ్లా పడ్డాడు. జాలేసి ఒక రీలు వెనక్కి తిప్పాను. జుట్టు వచ్చిందా, వచ్చింది. కానీ దాంతోపాటు ఎండిపోయిన సముద్రం కూడా వెనక్కి వచ్చేసింది! తెరలోంచి నీళ్లు హోరుమని హాల్లోకి! కుర్చీలు తేలిపోతున్నాయి, నేల టికెట్టు వాళ్లు ఈదుకుంటూ బాల్కనీకి వచ్చేశారు, ఎక్స్‌ట్రా డబ్బులు కట్టలేదని ఈయన వాళ్లతో తగువు. అప్పుడే ఫోన్ మోగింది. ఎవరో తెలుసా? ఆ సినిమాలు తీసిన డైరెక్టరు! అయ్యా, అయిదూ తీశాను గానీ ఏది దేని తర్వాతో నేనే మర్చిపోయాను, మీరు సరిగ్గా పేర్చారని ప్రపంచమంతా చెప్పుకుంటోంది, బయల్దేరి వస్తున్నా అన్నాడు. వచ్చాడు. దేంట్లో? ఓడలో!"

"ఇక్కడ రేవెక్కడుంది బాబాయ్?" అంది అక్క.

"రేవెందుకు? హాలు నిండా నీళ్లున్నాయిగా! ఓడ నేరుగా లోపలికే వచ్చి స్క్రీన్ పక్కన లంగరు వేసింది. దిగి నా చేతులు పట్టుకుని, ఆరో సినిమాలో హీరో మీరే అన్నాడు. నాకు కుదరదయ్యా, సెకండ్ షో ఉంది, పైగా నాకు మాట్లాడటం అలవాటు, మీ హీరో పుట్టుమూగ, అయిదు సినిమాల్లోనూ ఒక్క మాట మాట్లాడడు, అది నావల్ల అయ్యే పని కాదు అని చెప్పి పంపించేశాను."

"పుట్టుమూగా?" అంది పిల్ల.

"పుట్టుమూగే. అదీ నటనంటే!"

"మొదటి దాంట్లో అసలు నోరే మూయడు కదా తాతగారూ. రేవులో కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ కోతలు కోస్తుంటాడు. అలాంటివాడు మాట ఎందుకు మానేశాడన్నదే కథంతా."

ఆపరేటర్ గ్లాసు ఎత్తాడు. అందులో టీ లేదు. అయినా ఓ గుక్క తాగాడు.

"ఏ మొదటి దాంట్లో?" అన్నాడు చివరికి.

అప్పుడు గేటాయన గొంతు సవరించుకున్నాడు. "ఆయన్నేం అడుగుతావమ్మా? ఆట వేసిన మాట నిజమే. రీళ్ల పెట్టెల మీద మేనేజరు సుద్దముక్కతో అంకెలు వేసి పంపాడు, ఈయన అంకెల ప్రకారం ఎక్కించాడు. క్యాబిన్‌లో మిషను మోతకు మాటలు వినపడవు. ఒక రీలు తిరుగుతుంటే ఇంకో రీలు ఎక్కించాలి, అయిపోయింది వెనక్కి చుట్టాలి. కన్నంలోంచి చూసేదల్లా రీలు చివర, రీలు మార్చమని తెర మూలన చుక్క పడే ముందు కాసేపు. అదీ చుక్క కోసమే. ఈయన చూసింది సినిమాలు కాదు, రీళ్ల తోకలు."

ఆపరేటర్ కాదనలేదు. అవతల గోడౌను పైభాగంలో చదరంగా ఉన్న కన్నం వైపు చూశాడు. "అన్ని తోకల్లోనూ ఓడలు గుద్దుకుంటూనే ఉండేవమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మాట్లాడతాడా వాడు?"

"తెగ మాట్లాడతాడు."

"మరి ఎందుకు మానేశాడు?"

"చెప్పను. రేపు మా ఇంటికి వచ్చి చూడండి. కానీ సినిమా నడుస్తుంటే మీరు మాట్లాడకూడదు."

"అయితే ఈయన రాడు," అన్నాడు గేటాయన.

పిల్ల టైలర్ వైపు తిరిగింది. "తాతగారికి తెలీదు. మీకు తెలుసుగా, మొదట ఏది?"

టైలర్ మెడలో టేపు తీసి వేలికి చుట్టాడు, విప్పాడు. కొట్టు ముందు అందరూ వింటున్నారు. ఇంకో అబద్ధం ఆడదామన్నా ఏది చెప్పాలో తెలియదు. "నాకూ తెలీదమ్మా. అది కనుక్కుందామనే ఇక్కడికి వచ్చాను," అన్నాడు.

"మరి తెలుసన్నారుగా?"

"నీ అంతట నువ్వు నన్ను అడిగింది అదొక్కటే. తెలీదంటే మాట అక్కడితో అయిపోతుందనుకున్నాను."

పిల్ల ఆయన్ని వింతగా చూసింది.

"తెలుసన్నారు కాబట్టే అయిపోయింది. తెలీదంటే నేను చెప్పేదాన్ని కదా. చెబుదామనే అడిగాను."

టైలర్ జరిగి, బెంచీ మీద ఆమెకు ఇంకాస్త చోటిచ్చాడు.

"అయితే ఇప్పుడు చెప్పు. మొదట ఏది?"

ఆమె కాళ్లు పైకి ముడుచుకుని సర్దుకుని కూర్చుంది.

"మొదట చూడాల్సింది వాళ్లు నాలుగోదిగా తీసింది. దాంట్లో సముద్రం ఇంకా నిండుగానే ఉంటుంది..."