అరవై టిక్కులు

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు గది. పెద్దావిడ కుడి మణికట్టుకు కట్టు ఉంది. పక్కనే కూతురు. వయసు మళ్ళినవాళ్ళకు ఫోన్లో మందుల యాప్ వాడటం నేర్పడం ఆ ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం.

“మీ యాప్‌లో అరవై ఆదివారాలు, అరవై టిక్కులు. ఒక్క వారం కూడా ఎముకల మాత్ర తప్పలేదు. అయినా చెయ్యి విరిగిందంటే, ఆ మాత్ర మీకు పనిచెయ్యట్లేదనే కదమ్మా?”

“తడి గచ్చు మీద జారాను డాక్టరమ్మా. మాత్రదేం తప్పు?”

“గట్టి ఎముకైతే వాపుతో పోయేది. మీది పుల్లలా విరిగింది. స్కాన్లో చూసినా ఎముక ఇంకా పలచబడింది. ఇక ఇంజెక్షన్లే. రెండేళ్ళు, రోజూ, పొట్టకి.”

“రోజూనా?”

“రోజూ. ఇంట్లో మీ అమ్మాయి ఉందిగా, పొడుస్తుంది. ఏమ్మాయ్, సరేనా?”

“ఆఁ... అలాగే మేడమ్.”

“మాత్ర పరగడుపునే వేసుకుంటున్నారుగా? గ్లాసు నిండా నీళ్ళతో? తర్వాత అరగంట నడుం వాల్చకుండా?”

“అలాగే వేసుకుంటోంది మేడమ్.”

“నిన్ను కాదు, ఆవిణ్ణి అడుగుతున్నా.”

“గ్లాసు నిండా అంటే... మా ఇంట్లో గ్లాసులు కాస్త పెద్దవి డాక్టరమ్మా.”

“గ్లాసు సంగతి వదిలెయ్యండి. మాత్ర వేసుకుంటున్నారా, లేదా?”

“వేసుకుంటున్నావని చెప్పమ్మా.”

“నువ్వు కాసేపు ఊరుకోవే. మూడో వారం గుండెల్లో మంట పుట్టింది డాక్టరమ్మా. నిప్పులు పోసినట్టు. మాత్ర వేసుకుని మళ్ళీ పడుకున్నాలెండి, తప్పు నాదే. అప్పుడు మానేశాను.”

“మానేసి ఎన్నాళ్ళయింది?”

“అప్పట్నుంచీ అంతే.”

“మరి ఈ టిక్కులు?”

“నేనే నొక్కాను.”

“వేసుకోకుండానే?”

“పొద్దున్నే ఆ ఫోను కోడిపుంజులా కూస్తుంది కదండీ. నొక్కితే నోరు మూసుకుంటుంది.”

“నవ్వులాటగా ఉందా మీకు? ఆ టిక్కులు నమ్మేగా మందు మారుస్తున్నాను! రెండేళ్ళు ఊరికే సూదులు పొడిపించేదాన్ని.”

“తప్పయిపోయింది.”

“పోయిన నెల మీటింగులో మీ అమ్మాయి మీ చార్టే తెర మీద వేసింది. ‘మా అమ్మే చెయ్యగలిగితే ఎవరైనా చెయ్యగలరు’ అంది. అందరం చప్పట్లు కొట్టాం. దీపం కింద చీకటంటే ఇదే. దాని పరువు తీశారు కదమ్మా.”

“అవును తల్లీ. దాన్నేం అనకండి. తిట్టేది నన్ను తిట్టండి.”

“మేడమ్, అమ్మని ఏమీ అనకండి.”

“అనకుండా ఎలా ఉంటాను? ‘పేషెంటు మాట నమ్మడానికి లేదు’ అని ఫైల్లో రాస్తున్నా.”

“రాయకండి మేడమ్! అమ్మకి ఆ యాప్ తెరవడమే రాదు. గంట మోగితే ఫోను దిండు కింద కుక్కేస్తుంది.”

“ఏమిటీ?”

“నోరు ముయ్యవే, ఉద్యోగం పోతుంది!”

“పోనీ అమ్మా. నొక్కింది నేను మేడమ్. ఆఫీసు కంప్యూటర్లోంచి. యాప్ వాడలేనివాళ్ళకి ఫోన్ చేసి, వేసుకున్నారా అని అడిగి మేమే నొక్కచ్చు కదా. అమ్మ మంట అంటే, రేపు మిమ్మల్ని అడుగుతా అన్నాను. ఆ రేపు రానే లేదు. అందరికీ నేర్పేదాని తల్లికే మాత్ర తప్పిందని ఎర్ర గుర్తు పడితే నలుగురూ ఏమనుకుంటారోనని...”

“అడిగుంటే ఆ రోజే ఇంకో మందు ఇచ్చేదాన్ని.”

“తెలుసు మేడమ్.”

“తెలిసే చేశావా! ఆవిడ చెయ్యి చూడు.”

“చూడలేకపోతున్నా మేడమ్. మూడు రోజులుగా గోడకేసి చూస్తూ అన్నం తినిపిస్తున్నా.”

“చెంచా ముక్కులోకి వెళ్తోంది డాక్టరమ్మా. అయినా దాన్నేమైనా అన్నానా?”

“మీరు ఆగండమ్మా. ఇటు చూడు. యాప్ వాడలేనివాళ్ళు నీ కింద ఇంకా ఎంతమంది ఉన్నారు?”

“పంతొమ్మిది మంది.”

“వాళ్ళందరికీ టిక్కులున్నాయి.”

“ఉన్నాయి మేడమ్.”

“ఫోన్ చేసి అడిగే నొక్కుతున్నావా?”

“మొదట్లో చేశాను మేడమ్. ఒక్కొక్కరూ అరగంట వదిలేవాళ్ళు కాదు. మోకాళ్ళు, కోడళ్ళు, పిల్లి ఈనిన సంగతులు...”

“మొదట్లో సంగతి నేనడగలేదు.”

“చేస్తోంది డాక్టరమ్మా. ముసలాళ్ళంటే దానికి మహా ఓపిక. ఏమే? అలా తల దించుకుంటావేం?”

“పెన్ను తీసుకోండి మేడమ్. పంతొమ్మిది పేర్లూ చెప్తాను.”