ఆఖరి మాట

ఆపరేషన్ గది బయట బల్ల మీద అక్కాచెల్లెళ్లు కూర్చున్నారు. అక్క ఒళ్లో ఆ రోజు ఇంగ్లీషు పేపరు ఉంది.

"చూడవే, మీ బావగారు లోపలికెళ్లేముందు పదాల ఆట మొత్తం పూర్తి చేసేశారు."

"చేస్తే ఏమైందక్కా?"

"పెళ్లయినప్పట్నించీ ఆఖరి మాట నాకే వదిలేవారు. అలా ఒక్కో మాటతోనే నాకు ఇంగ్లీషొచ్చింది. ఇవాళేమిటే, ఇక నీతో పనిలేదన్నట్టు..."

"చాల్లే, అపశకునపు మాటలు! ఇలా ఇవ్వు. ఆఖరిది ఏమడిగారు?"

"దాహం తీర్చేది, ఐదక్షరాల మాట. ఆర్, టీ రెండూ ఉండాలి."

"బావగారు 'రివర్' అని రాశారు. ఇందులో టీ ఏదీ?"

"అవునే! ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి ఇంత తప్పు రాస్తారా? భయంతో బుర్ర పనిచెయ్యలేదేమో!"

"నువ్వు దిద్దాలనే తప్పు రాశారేమో! పెన్సిలేగా, ఇదిగో రబ్బరు, చెరిపెయ్. సరైన మాట నీకు తెలుసా?"

"తెలీకేం? 'వాటర్'."

"మరి రాయవేం?"

"రాయను. పొరపాటో, కావాలనో ఆయనే బయటికొచ్చి చెప్పాలి. అందాకా ఈ రబ్బరు నా గుప్పిట్లోనే ఉంటుంది."