తొంగిచూసే టామ్‌కి రంగులు

గొడైవా ఊరేగింపు రేపనగా, కోవెంట్రీలోని ఒక పూటకూళ్ళింటి మేడగదిలో, కిటికీలో నిలబెట్టే కొయ్యబొమ్మకి రంగులు పడుతున్నాయి. రంగులేసేవాడు మూడు రోజులుగా ఆ ఇంట్లోనే బస. ఇంటి యజమానురాలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏటేటా వీడికి పెళ్ళికొడుకు ముస్తాబేంటి అమ్మగారూ?"

"వెనకటికి మా ఊరి మీది పన్నులు రద్దు చేయించడానికి ఆ గొడైవా మహాతల్లి నూలుపోగు లేకుండా గుర్రమెక్కితే, ఊరంతా తలుపులేసుకుంది. ఈ టామ్‌గాడొక్కడే తొంగిచూశాడు. కళ్ళు పోయాయి. అందుకే వీడి కళ్ళకి తెల్లరంగే వెయ్యాలి. కనుపాపలు దిద్దకు."

"పాపం, ఇప్పుడు ఎవడు తొంగిచూసినా వీడి పేరే పెడుతున్నారు."

"ఆ ఎవడో సంగతే అడుగుతున్నా. నా గది తలుపుకి కొత్తగా కన్నం పడింది. దాని చుట్టూ తెల్లరంగు మరకలున్నాయి."

"నాకేం తెలుసు? ఎలుకలు కొరికుంటాయి."

"ఎలుకలు కుంచె పట్టుకు తిరుగుతాయా? సరేలే, పని కానివ్వు."

"ఇదిగో, రెండో కన్ను కూడా అయిపోయింది. అమ్మగారూ, కిటికీ ఎందుకు మూశారు?"

"మూయలేదే. బార్లా తెరిచే ఉంది."

"ఏం కనిపించట్లేదు. కాస్త దీపం తెండి."

"మిట్టమధ్యాహ్నం దీపమేంటయ్యా? అయినా, వద్దంటే వీడికి నీలం కనుపాపలు దిద్దావేం?"

"నా దగ్గర నీలం రంగే లేదు! తెలుపే వేశాను, ఒట్టు!"

"ఏదీ, ఇటు తిరుగు... దేవుడా! నీ కళ్ళకి సున్నం ఎవరు కొట్టారయ్యా? పొద్దున నీలంగా ఉన్నాయి కదా!"