ఒంటి సీటు బండి

చియాంగ్‌మాయ్‌లో ఒక బండ్ల కొట్టు. చనిపోయిన భార్య పుణ్యం కోసం కొన్నాళ్ళు భిక్షువుగా ఉండి, నిన్ననే కాషాయం విడిచినవాడికి గొరిగిన కనుబొమలు ఇంకా మొలవలేదు. పక్కనున్న ఆమె అన్న ఎదుటి రెండు మోటారుసైకిళ్ళనూ చూపించాడు.

“పాతకాలపు సోకు రెండిటికీ ఉంది. ఏది తీసుకుంటావు బావా?”

“ఏదైనా ఒకటే.”

“రోజూ తోలేది నువ్వేగా! పెద్దది ట్రాఫిక్కులో తొడలు కాల్చేస్తుంది. చిన్నది తేలిక, సీటూ పొడుగు.”

“పెద్దదే ఇప్పించు. దానికి ఒంటి సీటు.”

“కనుబొమల్లేకుండా దానిమీద కూర్చుంటే కోడిగుడ్డు స్వారీ చేసినట్టుంటావు.”

అతను నవ్వలేదు. “వెనక ఎక్కేవాళ్ళెవరూ లేరు.”

“మరి ముక్? నీ కూతురు బడికి నడిచెళ్తుందా?”

ఇన్నాళ్ళూ కూతురు తలపుకే రాలేదని అతనికి అప్పుడు తెలిసింది. వంగి, చిన్న బండి వెనక ఫుట్‌రెస్టు తడిమాడు.

“దాని కాళ్ళు ఇక్కడిదాకా అందుతాయంటావా బావా?”