మంచం మోసినవాళ్ళు

కర్నూలు రాజధాని అయిన ఏడాది, కడపలో ఒక నేతగాళ్ళ ఇంటి ముందు ఎద్దులబండి ఆగి ఉంది. తోడికోడళ్ళిద్దరూ గడప దగ్గర వాదులాడుకుంటున్నారు.

“ఇంట్లో ముగ్గురు మగోళ్ళుండగా మీరిద్దరూ ఇల్లిడిచి పోయేదానికి హమాలీలను పిలుస్తావా? వీధంతా చూస్తాండాది.”

“చూడనీలే అక్కా. నీ మరిది మంచాన పడి రెండు నెలలైంది. ఆ ముగ్గురిలో ఎవరన్నా గదిలోకి తొంగిచూసినారా?”

“క్షయ జబ్బు అది. మాకు పిల్లోళ్ళుండారు.”

“ఆ హమాలీ మస్తానుకూ నలుగురుండారు. మంచం ఎత్తినాక ఈయనకు దగ్గు తెర వస్తే, కిందికి దించి వీపు నిమిరినాడు. బండిలో వరిగడ్డి మెత్తగా పరిచినాడు.”

“కూలి తీసుకున్నాడు, చేసినాడు.”

“నేను కూలి ఇచ్చింది సామాను మోసేదానికి. వీపు నిమిరేదానికి కాదు.”

“శానా నేర్చినావే. రేపు నీ మొగునికేమన్నా అయితే, నాలుగు భుజాల కోసం మళ్లా మా గడపకే వస్తావు.”

చిన్న కోడలు లోపలికి వెళ్ళి, అత్తమామలూ బావలూ కూర్చున్న చోట నిలబడింది.

“ఆయన చెప్పమన్న మాట చెప్తాండా. ఆయనకేమన్నా అయితే ఈ ఇంటికి కబురు రాదు. పాడె మోసేదానికి మస్తానును, వాని మనుషులను ఆయనే అడిగినాడు. వాళ్ళు ఒప్పుకున్నారు.”