అరవై మూడో కూత

ఆదివారం మధ్యాహ్నం. ముందుగదిలో బల్ల మీద కంప్యూటర్, దానికి అటూ ఇటూ రెండు స్పీకర్లు. దాని ముందు కుర్చీలో బావమరిది. నేల మీద కూర్చుని ఊగుతున్న స్టూలు కాలు బిగిస్తున్న బావ. లోపల్నుంచి వస్తూ పోతూ అక్క.

"ఫస్టా? ఎవరు, నేనా?"

"నువ్వే బావా. మూడోసారి చెప్తున్నా. తొంభై రెండు మందిలో ఫస్టు."

"కింది నుంచేమో, సరిగ్గా చూడరా."

"ముందు కింది నుంచే చూశా, నీ పేరు కోసం. ఎక్కుతూ ఎక్కుతూ పోతే పైకప్పుకి తగిలావు."

"మరి నువ్వు?"

"నా సంగతెందుకులే."

"చెప్పరా."

"రెండు."

"రెండంటే గొప్పేగా! ఏమే, విన్నావా? మీ తమ్ముడు రెండోవాడట!"

"విన్నానండీ. మీరు ఫస్టన్నదీ విన్నాను. దేంట్లో ఫస్టో నాకర్థమయ్యేలా ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి."

"అక్కా, నెట్‌లో మాకో గుంపుంది. సంగీతం పిచ్చోళ్ళం. నెలకో సింథసైజర్ చెప్తారు. అంటే చేత్తో పట్టుకునే వాయిద్యం కాదు, కంప్యూటర్‌లో కనిపించే మీటల బొమ్మ. తిప్పితే శబ్దం పుడుతుంది. డప్పు కావాలన్నా, వేణువు కావాలన్నా, ఉరుము కావాలన్నా ఆ ఒక్కదాంట్లోంచే పుట్టించాలి. ఇంకోటి ముట్టుకోకూడదు. మైకు పెట్టి బయటి చప్పుడు పట్టకూడదు. ఐదు నిమిషాల్లోపు పాట. అందరూ అందరికీ మార్కులేస్తారు."

"మరి ఈయన్నెందుకు దింపావురా? ఈయన స్నానాల గదిలో కూడా పాడరే."

"పాట పెట్టినవాళ్ళకే మార్కులేసే హక్కు. అందుకని..."

"అందుకని?"

"నాకో ఓటుంటుందని."

"అదీ సంగతి!"

"తప్పేముందక్కా? పదకొండేళ్ళుగా పిల్లలకి కీబోర్డు నేర్పుతున్నా. నాలుగేళ్ళుగా ఈ పోటీలో ఉన్నా. ఒక్క నెల కూడా పదిహేడు దాటి పైకెళ్ళలేదు. ఈసారి మాత్రం ఫస్టు నాదేనని రాసిపెట్టుకున్నా. తీరా చూస్తే మేకుల ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకునే మనిషి ఎగరేసుకుపోయాడు."

"నేనడిగానా? నువ్వే కదరా అదంతా ఇందులో ఎక్కించి, 'ఏదోటి తిప్పి పంపు బావా, టుంగుమన్నా చాలు' అన్నావు. నాకు పేరు కూడా నువ్వే పెట్టావు, మేకు అని."

"పెట్టాను. ఆ మేకే దిగింది నాకు. ఎన్ని మార్కుల తేడానో తెలుసా? మూడు. నీకు నేను ఐదుకి ఐదు వేశాను."

"అంత నచ్చిందా?"

"అప్పటికి వినలేదు బావా. పాపం సున్నా వస్తే చిన్నబుచ్చుకుంటావని వేశా."

"ఓహో."

"నువ్వు నాకెంత వేశావు?"

"ఏమే, ఈ కాలు ఇటు ఒరిగిందేమో చూడు."

"బావా."

"రెండు."

"రెండా! నువ్వు ఐదేస్తే ఇద్దరం సమానమయ్యేవాళ్ళం కదయ్యా! ఓటు కోసం దింపిన మనిషివి! దేనికి రెండు?"

"అబద్ధమాడమంటావా? మొదలు బానే ఉంది. మధ్యలో అరనిమిషం ఏమీ లేదు. ఖాళీ. తొందర్లో మర్చిపోయి పంపావేమో అనుకున్నా."

"ఖాళీయా? అక్కడే కదా గంటలు! సన్నటి గంటలు, గాజు మీద చినుకులు పడ్డట్టు! పదిరోజులు కూర్చుని చేశా వాటిని. వాటి గురించే పదిమంది మెచ్చుకుని రాశారు."

"గంటలా... ఆఁ, గంటలు. ఉన్నాయ్ ఉన్నాయ్. కాస్త మెల్లగా ఉన్నాయ్."

"మెల్లగానా? చెవులు గింగుర్లెత్తాయని తిట్టినవాళ్ళు కూడా ఉన్నారు."

"సర్లే, అయిందేదో అయింది. నన్ను మెచ్చుకుని పోదామనే కదా వచ్చావు?"

"అందుకే. అంటే... అందుక్కూడా. చిన్న గొడవొచ్చింది బావా."

"ఏం గొడవ?"

"నీ కూత."

"అబ్బ, ఆ కూతా! దాని పేరెత్తకురా తమ్ముడూ. స్పీకర్లలో ఒక్కసారి వినిపించారు. పంటి నరం లాగినట్టయింది నాకు."

"జనం దానికే పడిపోయారక్కా. పాట మొదలైన దగ్గర్నుంచీ సన్నగా, సూదిలా, ఆపకుండా ఒకటే కూత. కింద మేకుల మిషన్ లాగా దడదడ. చివరికి ఆ దడదడ కూడా ఆగిపోయి, ఒక నిమిషం పాటు ఒట్టి కూత. చదవనా ఏం రాశారో? 'యంత్రాల మధ్య నలిగిన మనిషి ఆత్మఘోష.'"

"అంతుందా అందులో?"

"ఇంకా విను. 'నిశ్శబ్దాన్ని ఇంత నిర్దాక్షిణ్యంగా తిరస్కరించిన రచన ఈ గుంపులో ఇంతవరకూ రాలేదు.'"

"దేన్ని తిరస్కరించానట?"

"నిశ్శబ్దాన్ని."

"నేనా? నేనెందుకు వద్దంటానురా దాన్ని? అదొక్కటి దొరికితే..."

"దొరికితే?"

"ఏం లేదు. ఆ స్క్రూ ఇటివ్వు. గొడవేంటో చెప్పు."

"గుంపులో ఒక పెద్దాయన ఉన్నాడు. రేడియోలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పట్టుకున్నాడు. ఇది మీటలు తిప్పితే వచ్చే కూత కాదు, ఎక్కడో నిజంగా మోగుతున్నదాన్ని రికార్డు చేసి అతికించారు, లేకపోతే ఇంత ప్రాణం ఉండదు అంటున్నాడు. సాయంత్రం ఆరింటిలోగా నీ ఫైలు పంపి, ఎలా చేశావో రాయాలి. లేకపోతే నిన్ను తీసేస్తారు."

"ఈయన్ని తీసేస్తే ఫస్టెవరురా?"

"అదీ... రూలు ప్రకారం తర్వాతివాళ్ళు పైకి జరుగుతారు."

"తర్వాతివాళ్ళంటే?"

"అక్కా, నువ్వు కాసేపూరుకో. నేను బావ మంచి కోసమే వచ్చా. చూడు బావా, ఫ్యాక్టరీలో ఏదో మిషన్ దగ్గర ఫోన్ పెట్టి పట్టుంటావు. తెలీక చేశానని రాసేస్తే మర్యాదగా ఉంటుంది. ఉత్తరం కూడా నేనే టైపు చేశా, నీకు శ్రమ లేకుండా."

"అప్పుడే చేశావా?"

"బస్సులో ఊరికే కూర్చోవడమెందుకని."

"చాలా మంచివాడివిరా. కానీ నేనేమీ పట్టలేదు. అది మిషన్ కూత కాదు."

"మరి దేనిది?"

"ఆ సింథసైజర్‌దే. నేనే చేశా. ఫైలుంది కదా, తెరిచి చూసుకో."

"చూస్తా. ఏదీ... ఇదేంటి బావా? కూత ఒకటి, కూత రెండు, కూత మూడు... అరవై మూడు కూతలు దాచావా?"

"ఒక్కసారికే కుదర్లేదు."

"పాటంతా ఒక్క ఆదివారంలో కట్టేశావు. కూతలేమో అంతకుముందు రెండు వారాల నుంచీ ఉన్నాయి!"

"ఆ ముచ్చట నన్నడగరా తమ్ముడూ. ఫ్యాక్టరీ నుంచి రాగానే చొక్కా అయినా మార్చకుండా చెవులకి ఆ డొప్పలు తగిలించుకుని కూర్చునేవారు. మీట ఇంత జరపడం, కళ్ళు మూసుకోవడం, డొప్పలు తీసెయ్యడం, కాసేపలా గోడకేసి చూడ్డం, మళ్ళీ పెట్టుకోవడం. పెట్టుకోవడం, తియ్యడం. వెనక నుంచి నాలుగుసార్లు పిలిచినా పలకరు. అంతా నువ్వంటించిన పిచ్చే."

"నేనంటించింది నెల్లాళ్ళ కిందటే అక్కా."

"ఏమో, ఏడాదిగా ఇలాగే ఉన్నట్టుంది నాకు."

"అరవై మూడోది పెడుతున్నా. వినండి... అమ్మో! ఇంత గట్టిగా పెట్టావేంటి బావా?"

"గట్టిగానా? సమంగానే ఉందే."

"సమంగా ఉందట! పక్క వాటా వాళ్ళ కుక్క లేచి కూర్చుంది. ఉండు, కొంచెం తగ్గిస్తా. ఇప్పుడు ఒకటోది... మళ్ళీ అరవై మూడోది... నాకైతే తేడా తెలీట్లేదు."

"ఎందుకు తెలీదు? ఒకటోది లావు. ముప్ఫయ్యో దాని దగ్గరికొచ్చేసరికి కాస్త దారిలో పడింది, కానీ వణుకు లేదు. ఇది చూడు. ఉండుండి కొంచెం సన్నబడి, మళ్ళీ నిలబడుతుంది. అదే. సరిగ్గా అదే."

"అదే అంటే ఏది?"

"అదే... పాటకి కావాల్సింది."

"పాట అప్పటికి పుట్టలేదు కదా."

"మనసులో ఉండదా ఏంటి?"

"ఉంటుందిరా. ఈయన చెవి సంగతి నీకు తెలీదు. గేటు దగ్గర నిలబడి, లోపల ఏ మిషన్‌కి బేరింగ్ అరిగిందో చెప్పేస్తారని మేనేజరే అన్నాడు. వచ్చే నెల్లో ఫోర్‌మన్ని చేస్తున్నారు, తెలుసా? చెవుల పరీక్షేదో ఉందట, అదొక్కటి అయితే చాలు."

"ఇప్పుడా సంగతెందుకే?"

"చెప్తే తప్పేంటండీ? అందులో తప్పితే మిషన్ల దగ్గరికి రానివ్వరట తమ్ముడూ, అట్టపెట్టెల గదిలోకి పంపేస్తారట. మిగతా వాళ్ళంతా హడలిపోతున్నారు. ఈయనకేం భయం?"

"లోపల పొయ్యి మీద ఏదో పెట్టినట్టున్నావు, చూసుకో."

"ఏమీ పెట్టలేదండీ."

"బావా."

"ఊఁ."

"మైకు లేదు. రికార్డింగ్ లేదు. మూడు పొరలు వేశావు, మూడూ ఆ సింథసైజర్‌లోంచే. మీట ఎంత తిరిగిందో అంతా ఇక్కడ ఉంది. నాలుగేళ్ళలో నాకు తట్టని పని చేశావు. ఆ ఇంజనీరు నోరు మూతపడుతుంది."

"నీ ముఖం అలా వాడిపోయిందేంటిరా తమ్ముడూ, ఈయన ఫస్టు ఈయనకే ఉంటుందంటే?"

"వాడిపోలేదక్కా... సరే, వాడిపోయింది. ఏం చెయ్యమంటావు? నిజం కళ్ళముందు ఉంది. బస్సులో టైపు చేసింది చెరిపేస్తున్నా. చూడు, చెరిపేశా. ఇప్పుడు కొత్తది రాద్దాం. చెప్పు బావా, నీ మాటల్లోనే. ఏంటలా లేచావు?"

"ఇక్కడ వెలుతురు చాలట్లేదు. గుమ్మం దగ్గర కూర్చుంటా. రాసుకో. 'అయ్యా, ఈ కూత ఎక్కడా పట్టి తెచ్చింది కాదు. నా సొంతం.'"

"నా సొంతం. ఊఁ."

"'దీన్ని ఉన్నదున్నట్టు దింపడానికి రెండు వారాలు పట్టింది.'"

"దేన్ని ఉన్నదున్నట్టు? అలా రాస్తే రికార్డు చేశావనే అనుకుంటాడు. 'అనుకున్నది అనుకున్నట్టు' అని రాస్తా."

"నీ ఇష్టం. తర్వాత... 'ఇన్నాళ్ళూ దీన్ని ఇంకెవరూ వినలేదు. తొంభై మంది కూర్చుని విన్నారని తెలిసి మనసు తేలికపడింది.'"

"ఇదేం భాష బావా? ఇంజనీరుకి కావాల్సింది మీటల లెక్క. మనసు తేలికపడ్డ లెక్క కాదు."

"లెక్క కూడా రాయి. ముందిది రాయి."

"రాయరా, ఆయన చెప్పినట్టే రాయి. ఎప్పుడూ ఇన్ని మాటలు మాట్లాడిన మనిషి కాదు."

"రాస్తున్నానక్కా. ఇంకేమైనా ఉందా?"

"ఒక్కటి. 'ఇలాంటిది ఇంకెవరికైనా తెలిసుంటే నాకో ముక్క రాయమని కోరుతున్నాను. ఎలా తగ్గించాలో కూడా.'"

"ఏం తగ్గించాలి? స్పీకరా?"

"అదే అనుకో."

"నీ గొప్పతనం నీకే తెలీదు బావా. అందరూ ఆ కూత ఎలా తెప్పించావని అడుగుతుంటే, తగ్గించడం ఎలా అని నువ్వడుగుతున్నావు! సరే, అయిపోయింది. చదువుతా, విను. 'అయ్యా, ఈ కూత ఎక్కడా పట్టి తెచ్చింది కాదు...'"

"ఆగాగు. ముందు ఆ కూత కట్టేసి చదవరా. దాని మధ్యలో నీ మాట సరిగ్గా అందట్లేదు."

"ఏ కూత బావా?"

"అదేరా, ఇందాక పెట్టావు కదా. ఇంకా మోగుతోందిగా."

"ఏమండీ... ఆ స్పీకర్ల వైరు నేను పీకేసి పావుగంటైందండీ."