తోళ్ల ఫ్యాక్టరీ ఎరువు

తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో, కుప్పం పోదామని పుంగనూరు బస్టాండులో కూర్చోనుంటి. పక్క బెంచీలో ఒక రైతు, మన్ను పరీక్షల ఆఫీసాయనకు చేతిలో కాగితం చూపిస్తాండాడు.

“దీంట్లో ఏమని రాసినారు సార్? నాకు చదువు రాదు.”

“నీ చేన్లో క్రోమియం దిగిందప్పా. తోలు కుళ్లకుండా ఫ్యాక్టరీలో వాడే లోహం అది. నీ చేన్లోకి ఎట్లొచ్చింది?”

“తోళ్ల ఫ్యాక్టరీ వాళ్లు బురదను ఎరువని ఊరికే ఇచ్చినారు సార్. ఆవుతోలు కడిగిన బురద కదా, పేడ మాదిరి బలమిస్తాదని ఊరంతా తోలుకున్న్యాము.”

“ఆవు పేడా, ఆవు తోలూ ఒకటేనా అప్పా?”

“ఆవు ఒకటే కదా సార్. పోనీ, రెండు పెద్ద వానలు పడితే కడుక్కోని పోదా?”

“పోతే యాడికి పోతాది? నీ బావిలోకే.”

“పైమన్ను గోకి పారేస్తే?”

“యాడ పారేస్తావు?”

“మా దాయాది చేను పక్కనే ఉండాది.”

“నవ్వులాట కాదప్పా. ఆ చేన్లో పండింది తినొద్దు.”

“రాగి పైరు మోకాలెత్తు వచ్చేసింది సార్. మాకు ఇంకో చేను లేదు. మందేదన్నా రాయండి.”

“దీనికి మా దగ్గర మందు లేదు. పైకి రాస్తాను, అంతే నా చేతిలో ఉండేది. ఎన్ని ట్రాక్టర్లు తోలించినావో చెప్పు.”

“అందరికీ మూడే ఇచ్చినారు సార్.”

“నీకూ మూడేనా?”

“నాకు అయిదు. డ్రైవరుకు పుంజును ఇచ్చి, బతిమాలి ఇంకో రెండు తోలించుకుంటి. మా ఇంట్లో ఉండింది ఆ ఒక్క పుంజే సార్.”